యంత్రములో యంత్రము, వాకిట తాళము

గత విద్యాసంవత్సరమున ఆగస్టు నెలలో ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన పిదప, ప్లస్ వన్ చదువుచున్న ఒక విద్యార్థి తండ్రిగారు మా కంప్యూటరు గదికి వచ్చిరి. ఆయన చాకలిపేటలో చిల్లర దుకాణము నడుపుకొనువారు. చేత ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్నది. ఏదో కార్యాలయమువారు కొన్నియేండ్లు వాడి తీసివేసిన ఆ యంత్రమును, కుమారుని చదువు నిమిత్తము రిచీ వీధిలోని ఒక దుకాణమున రూ. 18,000 ఇచ్చి కొనిరి. యంత్రము చక్కగనే నడచుచుండెను. అయితే పిల్లవాడు తన పాఠ్యగ్రంథములో విండోస్‌తో పాటు చెప్పబడిన ఉబుంటును స్వయముగా చేసి చూడగోరి, విండోస్‌కు ఏ భంగమును రాకుండ దాని లోపలనే ఉబుంటును నడుపుటకై వర్చువల్‌బాక్స్ అను సాధనమును దించుకొనెను. అది నడువలేదు. ప్రాసెసరులోని వీటీ-ఎక్స్ అను శక్తి బయోస్‌లో ఆపివేయబడి యున్నదని తెరమీద ఒక వాక్యము వచ్చినది. సరే, బయోస్‌లోనికి పోయి దానిని తెరువవచ్చునని చూడగా అచట పాస్‌వర్డు అడిగినది. ఆ పాస్‌వర్డు తండ్రికి తెలియదు, కుమారునికి తెలియదు, అమ్మిన దుకాణదారునకును తెలియదు.

దుకాణదారు ‘చిప్పు’ మార్చి ఇచ్చెదనని రూ. 3,500 అడిగెనట. పిల్లవాడు మాత్రము, బయోస్ జోలికి పోకుండనే ఆ శక్తిని తెరచు ప్రోగ్రాము ఒకటి ఉన్నదని వీడియోలో చూచితినని చెప్పుచుండెను.

“చిప్పు మార్పించమంటారా మాస్టారూ, వీడు చెప్పే ప్రోగ్రాము వేయించమంటారా? ఈ రెండూ కాకుండా ఇంకేదైనా దారి ఉన్నదా? నేను ఇప్పటికే అప్పు చేసి కొన్నాను,” అని ఆయన అడిగిరి.

ఆనాడు నేను చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి ఇచట వ్రాయుచున్నాను. ఇటువంటి పాత కార్యాలయపు యంత్రములు మన పిల్లల ఇండ్లకు విరివిగా వచ్చుచున్నవి. ఇదే చిక్కు మరియొక ఇంట ఎదురుకాగలదు.

ముందుగా, ఆ పిల్లవాడు చేయదలచినది ఏమో తెలిసికొనవలెను. చెన్నపురిలో అద్దె కాపురములు చేసినవారికి ‘పోర్షను’ అను మాటను వివరింప నక్కరలేదు. ఇల్లు ఒక్కటియే. అందు మూడు నాలుగు కుటుంబములు వేరువేరుగ వంటలు చేసికొనుచు, ఎవరి తలుపు వారు మూసికొని, తమ ఇల్లు తమదే యనునట్లు బ్రతుకుచుందురు. కాని నీళ్ల మోటారు, మెయిన్ స్విచ్చి, వీధి తలుపు మాత్రము ఇంటి యజమాని చేతిలో నుండును. ఒక కంప్యూటరులో విండోస్‌ను నడుపుచు, దానిలోనే ఒక పోర్షను కట్టి అందు ఉబుంటును కాపురముంచుటకే వర్చువలైజేషన్ అని పేరు. లోపల కాపురమున్న ఉబుంటు తానొక పూర్తి యంత్రమునందే ఉన్నట్లు భావించును. దానికి కనబడు డిస్కు నిజమునకు విండోస్‌లోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. పిల్లవాడు ఆ ఉబుంటును పాడుచేసినను ఆ ఫైలును తుడిచివేసి మరల మొదలిడవచ్చును. నేర్చుకొను వయస్సువారికి ఇంతకంటె క్షేమమైన ప్రయోగశాల లేదు. పిల్లవాని కోరిక న్యాయమైనదే యని తండ్రిగారితో మొట్టమొదట అదియే చెప్పితిని.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1960లలోనే అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐబీఎం వారి పరిశోధకులు ఒక పెద్ద యంత్రమును పలువురికి పలు యంత్రములుగా కనబడునట్లు చేసిరి. ఆ పనియే ముదిరి 1972లో వీఎం/370 అను పేర వెలువడినది. ఈ కథకు మన నగరముతో ఒక చిన్న చుట్టరికము కలదు. ఐఐటీ మద్రాసునకు 1973లో వచ్చిన పెద్ద కంప్యూటరు ఐబీఎం 370/155. ఆ 155 నమూనాను 1970లో ప్రకటించినపుడు, జ్ఞాపకశక్తి చిరునామాలను మార్చి చూపు పరికరము దానియందు చేర్చబడలేదు. వీఎం/370 నడువవలెనన్న ఆ పరికరము తప్పనిసరి. కావున ఆ నమూనా యంత్రములు గలవారు దానిని వేరుగ కొని అమర్చుకొనవలసి వచ్చినది. ఆనాటి వారికి పరికరము లేక చిక్కు. మన దుకాణదారుగారికి పరికరము ఉండియు, దానికి తాళముండుటచే చిక్కు.

మన ఇండ్లలోని చిన్న కంప్యూటరులకు ఈ శక్తి ఆలస్యముగ వచ్చినది. పోర్షను ఉపమానమునే తిరిగి తీసికొందము. కాపురమున్నవాడు మోటారు వేయగోరిన యజమానికి తెలియవలెను. యజమాని చూచి, తగునన్న తానే వేయవలెను. 1974లో పోపెక్, గోల్డ్‌బెర్గ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ నియమమును కంప్యూటరుల విషయమున గణితరీత్యా నిరూపించి ప్రకటించిరి. ఇంటెల్ వారి పాత ప్రాసెసరులలో కొన్ని ఆజ్ఞలు ఈ నియమమునకు లోబడవు. లోపలి కాపురస్థుడు వానిని ఇచ్చినపుడు యజమానికి కబురు అందదు. తప్పు సమాధానము చడిచప్పుడు లేకుండ వచ్చును. 1999లో వీఎంవేర్ అను సంస్థ ఆ చిక్కు ఆజ్ఞలను అప్పటికప్పుడు తిరుగవ్రాసి నడుపు మార్గముతో తన సరకును బజారునకు తెచ్చెను. అది గట్టి ఉపాయమే గాని మిక్కిలి శ్రమతో కూడినది. తుదకు 2005 నవంబరులో ఇంటెల్ వారు రెండు పెంటియం 4 ప్రాసెసరులలో వీటీ-ఎక్స్ అను ఏర్పాటును, 2006లో ఏఎండీ వారు తమ ప్రాసెసరులలో అట్టి ఏర్పాటునే చేర్చిరి. యజమానికి కబురందించు పనిని ప్రాసెసరే చేయనారంభించినది. గత పది పండ్రెండేండ్లలో తయారైన ల్యాప్‌టాప్‌లలో ఈ శక్తి లేనిది అరుదు. నేటి వర్చువల్‌బాక్స్ ఈ శక్తి లేనిదే నడువదు. 2019 డిసెంబరులో వెలువడిన 6.1వ కూర్పు మొదలు, అది లేకుండ పనిచేయు పాత మార్గమును దానినుండి తీసివేసిరి.

ఇక తాళము మాట. కంప్యూటరు మీట నొక్కినంతనే విండోస్ రాదు. దానికంటె ముందు, బోర్డుమీది ఒక చిన్న చిప్పులో నిలిచియున్న కార్యక్రమము మేల్కొనును. అదియే బయోస్. నేటి యంత్రములలో దాని స్థానమున ఉన్నదానికి యూఈఎఫ్ఐ అని పేరు. వాడుకలో మాత్రము బయోస్ అనియే అందురు. అది జ్ఞాపకశక్తిని, డిస్కును, తెరను పరీక్షించి, ప్రాసెసరులోని కొన్ని మీటలను వేసియో ఆర్పియో, తరువాత విండోస్‌ను పిలుచును. ఇంటెల్ ప్రాసెసరులలో, పదునారింటి లెక్కలో 3ఏ సంఖ్య గల ఒక రిజిస్టరు ఉన్నది. అందలి ఒక బిట్టు వర్చువలైజేషన్‌కు అనుమతి. మరియొక బిట్టు తాళము. బయోస్ అనుమతిని ఇచ్చియో ఇవ్వకయో తాళపు బిట్టును వేసెనా, అటుపైన ఆ రిజిస్టరులో ఎవ్వరును వ్రాయజాలరు. వ్రాయబోయిన ప్రాసెసరే తప్పని తిరస్కరించును. విండోస్‌కును, అందు సర్వాధికారము గల అడ్మినిస్ట్రేటరునకును, దానికంటె లోతున నడచు డ్రైవరులకును ఒకటే సమాధానము. యంత్రమును ఆర్పి తిరిగి వెలిగించినపుడే ఆ తాళము వీడును. వీడిన మరుక్షణమున బయోసే మరల ముందుగ వచ్చి వేయును.

కావున పిల్లవాడు వీడియోలో చూచిన ప్రోగ్రాము తాను చెప్పిన పని చేయుట అసంభవము. మరి అది చేయునది ఏమి? దానిని వేయుటకు ముందు యాంటీవైరస్‌ను ఆపివేయవలెనని ఆ వీడియోలో చెప్పిరట. నాకు ఆ ఒక్క మాట చాలినది. ఇంటి కావలివానిని బయటికి పంపి తలుపు తీయుమనువానిని మన పెద్దలు గుమ్మము లోపలికి రానీయరు గదా.

దీనికి ఒక చిన్న మినహాయింపు కలదు. న్యాయము కొరకు దానిని చెప్పవలెను. కొన్ని యంత్రములలో బయోస్ అనుమతిని ఇవ్వదు, తాళమును వేయదు. ఆ రిజిస్టరును అట్లే విడిచిపెట్టును. అట్టిచో లినక్స్ కెర్నలు తానే అనుమతి బిట్టును వేసికొని పని సాగించును. కాని అవి కొలది. పైగా, వర్చువలైజేషన్ ఆపివేయబడినదని కచ్చితముగ చెప్పబడిన యంత్రములలో తాళము పడియున్నదనియే తలంచుట మంచిది.

ఇంత మంచి శక్తిని తయారుచేసినవారే ఆపియుంచుట ఎందులకని తండ్రిగారు అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. 2006లో జోవన్నా రుట్కోవ్‌స్కా అను పోలండు దేశపు పరిశోధకురాలు, ఒక దుష్ట కార్యక్రమము ఈ శక్తిని ఉపయోగించుకొని, నడచుచున్న విండోస్‌ను దానికి తెలియకుండనే ఒక పోర్షనులోనికి నెట్టి, తానే ఇంటి యజమాని యగుట ఎట్లు సాధ్యమో ఒక మహాసభలో చూపెను. ఆ భయముచేత అనేక సంస్థలు ఈ శక్తిని ఆపి అమ్మసాగినవి. సోనీ వారి వయో ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో దానిని తెరచు మీటయే బయోస్‌లో కనబడకుండెను. 2009లో విండోస్ 7 వచ్చి, పాత ఎక్స్‌పీ ప్రోగ్రాములను లోపలి యంత్రమున నడుపు సదుపాయమునకు ఈ శక్తి అవసరమన్నపుడు, కొన్నవారి కోపము మిన్నుముట్టినది. ఆ తరువాత సోనీ వారు కొన్ని నమూనాలకు కొత్త బయోస్ ఇచ్చిరి. మైక్రోసాఫ్ట్ వారును 2010 మార్చిలో ఆ నిబంధననే తీసివేసిరి. పిల్లవాని కోరిక వంటి కోరికయే లక్షలమందికి కలిగిన పిదపనే తయారీదారులు కదలిరన్నమాట.

పై మాటలతో పిల్లవాని ముఖము చిన్నబోయినది. కాని బయోస్ లేనిదే ఈ శక్తిని తెరువలేమనుట వేరు, బయోస్ మనకు నిజముగ అందుబాటులో లేదనుట వేరు. మన పాఠశాలకు ఈ మొరతో వచ్చువారిలో పెక్కుమందికి రెండవది నిజము కాదు.

మొదట చూడవలసినది, శక్తి నిజముగ ఆగియున్నదా యని. విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరచి, పెర్ఫార్మెన్స్ అను భాగమున సీపీయూ మీద నొక్కినచో క్రింద వర్చువలైజేషన్ అను మాట యెదుట ఎనేబుల్డ్ అనియో డిసేబుల్డ్ అనియో కనబడును. ఎనేబుల్డ్ అని ఉండి కూడ వర్చువల్‌బాక్స్ మందముగ నడచిన, లేక క్రింది అంచున ఒక తాబేటి బొమ్మ కనబడిన, దోషము బయోస్‌ది కాదు. విండోస్ తన రక్షణ కొరకు ఆ శక్తిని తానే ముందుగ తీసికొని యుండును. విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ అను కాపుదల ఇట్టిదే. కొందరు దానిని ఆపివేయుమని సలహా ఇత్తురు. ఇంటిల్లిపాది బ్యాంకు పనులకు వాడు యంత్రమున ఆ కాపుదలను తీయుట కంటె తాబేటి నడకను ఓర్చుకొనుటయే మేలని నా అభిప్రాయము.

ఇక డిసేబుల్డ్ అని యున్నచో బయోస్‌లోనికి పోవలెను. దారి తెలియక ‘బయోస్ రావడము లేదు’ అనువారే అధికము. డెల్, ఏసర్, ఏసుస్ యంత్రములలో సాధారణముగ ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్1 మీటను వెలిగించిన వెంటనే నొక్కవలెను. నేటి యంత్రములు అతిత్వరితముగ లేచుటచే ఆ మీటను నొక్కు వ్యవధి దొరకదు. అట్టివారికి విండోస్‌నుండియే ఒక దొడ్డిదారి కలదు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్‌లో రికవరీ అను చోటికి పోయి, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ ఎదుట రీస్టార్ట్ నౌ నొక్కవలెను. నీలిరంగు తెర వచ్చును. అందు ట్రబుల్‌షూట్, పిదప అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, పిదప యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని పోయినచో, యంత్రము తిరిగి వెలిగి, ఏ మీటను నొక్కకుండనే బయోస్ తెరచుకొనును. అందు ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనియో, వీటీ-ఎక్స్ అనియో, ఏఎండీ యంత్రమైన ఎస్‌వీఎం మోడ్ అనియో ఉన్నదానిని ఎనేబుల్డ్ చేసి, భద్రపరచి బయటికి రావలెను. పని ఐదు నిమిషములది.

ఆ ఐదు నిమిషములకు ముందు ఒక జాగ్రత్త. అనేక ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అనునది డిస్కును గుప్తలిపిలో ఉంచును. బయోస్‌లో ఏదైన మార్చినచో, దొంగ ఎవడో చేయి వేసెనని అది సందేహించి, 48 అంకెల రికవరీ కీ ఇచ్చిననే గాని విండోస్‌ను తెరువనీయక పోవచ్చును. ఆ కీ ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉన్నదో ముందే చూచి కాగితముమీద వ్రాసిపెట్టుకొనవలెను. ఈ ఒక్క సంగతి తెలియక చిన్ననాటి ఫోటోలన్నిటిని పోగొట్టుకొన్న కుటుంబమును నేనెరుగుదును. ఈ వ్యాసములో తక్కినదంతయు మరచినను దీనిని మరువవలదని తల్లిదండ్రులను కోరుచున్నాను.

మన దుకాణదారుగారి యంత్రమున మాత్రము బయోస్‌కు దారి ఉన్నది, తలుపునకు తాళమున్నది. నీలితెర దారిన పోయి చూచినను అదే పాస్‌వర్డు అడిగినది. డెల్, హెచ్‌పీ, లెనోవో సంస్థలు తమ కార్యాలయపు నమూనాలకు, విండోస్‌లో నుండియే బయోస్ మీటలను మార్చు సాధనములను ఇచ్చుచున్నవి. వందల యంత్రములను ఒక్కసారిగ సవరించు ఉద్యోగుల కొరకు చేసినవవి. వీడియోలలో చెప్పు ‘బయోస్ లేకుండ’ అను మాటకు కొంత నిజమైన ఆధారము ఇదియే. అయితే బయోస్‌కు పాస్‌వర్డు ఉన్నచో ఆ సాధనములును దానినే అడుగును. పాత కంప్యూటరులలో బోర్డుమీది చిన్న బ్యాటరీని తీసిపెట్టిన పాస్‌వర్డు పోయెడిది. కార్యాలయపు ల్యాప్‌టాప్‌లలో అది కరెంటు లేకున్నను నిలుచు చిప్పులో ఉండును. బ్యాటరీ తీసినందువలన గడియారము వెనుకబడుట తప్ప ఫలితము లేదు.

చిప్పు మార్పించుట సంగతి? ఆ చిప్పులోనివ్రాతను తీసి మరియొకటి వ్రాయువారు రిచీ వీధిలో లేకపోలేదు; అందు నేర్పరులును ఉన్నారు. కాని ఆ చిప్పులో పాస్‌వర్డుతో పాటు యంత్రపు క్రమసంఖ్య, విండోస్ లైసెన్సు కీ, ఇంకను ఎన్నో ఉండును. వ్రాత తప్పినచో యంత్రము మరల వెలుగదు. ఇంకను సాహసించువారు మరియొక దారి త్రొక్కుదురు. బయోస్ తన అభీష్టములను వ్రాసికొను చరరాశులను, లినక్స్ బూటులోడరు ఒకదానిని సవరించి, వెలుపలినుండి దిద్దుదురు. ఏ నమూనాకు ఏ స్థానమున ఏ అంకె యో తెలిసి చేసిన వారికి అది ఫలించిన సందర్భములు కలవు. ఒక స్థానము తప్పిన ఏమగునో 2016లో లోకమునకు తెలిసినది. ఆ యేడు లినక్స్‌లో ఆ చరరాశులను పొరపాటున తుడిచివేసినవారి ల్యాప్‌టాప్‌లు కొన్ని ఇటుకలవలె మిగిలిపోయినవి. అప్పుచేసి కొన్న యంత్రముమీద చేయదగిన ప్రయోగము కాదిది.

న్యాయమైన దారి ఒక్కటే. యంత్రపు తయారీదారుల సేవాకేంద్రమునకు కొన్న రసీదుతో పోవలెను. రసీదు సక్రమముగ నున్నచో వారు పాస్‌వర్డును తొలగింతురు, లేదా బోర్డు మార్పవలెనందురు. మన తండ్రిగారికి దుకాణదారు ఇచ్చినది ఒక తెల్లకాగితపు చీటి. అందు క్రమసంఖ్య లేదు. ఆ చీటితో ఏ కేంద్రమును ఏమియు చేయజాలదు, చేయనక్కరయు లేదు. దొంగిలిన యంత్రమునకును సొంత యంత్రమునకును భేదము తెలుపునది ఆ కాగితమే గదా. కావున పాత ల్యాప్‌టాప్ కొనబోవు తల్లిదండ్రులు, డబ్బు చేతబెట్టక మునుపే దుకాణములో నిలిచి యంత్రమును ఆర్పి వెలిగించి, బయోస్ పాస్‌వర్డు లేకుండ తెరచుకొనునో లేదో చూడవలెను. వర్చువలైజేషన్ మీటను అచటనే వేయించవలెను. క్రమసంఖ్య వ్రాసిన రసీదు తీసికొనవలెను. తెర మెరుగు చూచి, బరువు చూచి కొనుట తరువాతి మాట.

మన పాఠశాల ప్రయోగశాలలోని యంత్రములకును పాస్‌వర్డు వేసియున్నాము. అది పిల్లలమీద అపనమ్మకముచేత కాదు. ఒకరు మార్చినది మరునాడు నలుబదిమందికి అడ్డుతగులును. కావలసినవారు అడిగినచో మేమే తెరచి ఇత్తుము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. పిల్లవానికి కావలసినది వర్చువలైజేషనా, ఉబుంటునా? ఈ ప్రశ్న వేయగనే చిక్కు సగము విడినది. వానికి కావలసినది లినక్స్ ఆజ్ఞలు నేర్చుకొనుట, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములను అందు కూర్చి చూచుట. దానికి ఈ తాళపు శక్తితో పనిలేని మార్గములు పెక్కు కలవు.

విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ అను ఏర్పాటున్నది. దాని రెండవ కూర్పునకు వర్చువలైజేషన్ కావలెను. మొదటి కూర్పునకు అక్కరలేదు. అది ఉబుంటు ఇచ్చు ఆజ్ఞలను విండోస్‌కు అర్థమగునట్లు మార్చి చెప్పు దుబాసీ వంటిది. ఉబుంటు అందమైన తెర కానరాదు గాని ఆజ్ఞలన్నియు దాదాపు నడచును. రెండవది క్యూఈఎంయూ. ఇది లోపలి యంత్రపు ప్రతి ఆజ్ఞను తానే చదివి, తిరుగవ్రాసి నడుపును. ఎంతో మందముగ నడచును. చిన్న లినక్స్‌కు సరిపోవును, ఉబుంటు వంటి భారమైనదానికి ఓపిక చాలదు. ఇంకను చిత్రమైనది జేఎస్‌లినక్స్. క్యూఈఎంయూను నిర్మించిన ఫాబ్రిస్ బెలార్ అను ఫ్రెంచి పండితుడే 2011లో దీనిని చేసెను. బ్రౌజరులో ఒక పుట తెరచిన చాలును, ఆ పుటలోనే ఒక లినక్స్ యంత్రము మేల్కొనును. తండ్రిగారి ఎదుటనే తెరచి చూపితిని. ఏమియు వేయకుండ, ఏమియు మార్చకుండ కంప్యూటరులో కంప్యూటరు లేచుట చూచి ఆయన ఒక్క నవ్వు నవ్విరి. ఆ సాయంకాలమున అదే మొదటి నవ్వు.

పోర్షను అక్కరలేదు, ఇల్లే మార్చెదమన్న అదియును సాధ్యమే. ఉబుంటును పెన్‌డ్రైవులో పెట్టి, దానినుండియే వెలిగించి చూడవచ్చును. వెలిగించినపుడు భాషల పట్టికలో తెలుగును ఎంచుకొనవచ్చును గూడ. బయోస్‌కు తాళమున్నను, వెలుపలి డ్రైవును ఆపియుంచనిచో, ముందు చెప్పిన నీలితెరలో యూజ్ ఎ డివైస్ అను మాటద్వారా దీనిని పిలువవచ్చును. విండోస్‌ను, లినక్స్‌ను ఒకే డిస్కులో ప్రక్కప్రక్కన ఉంచుట మన రాష్ట్రమునకు కొత్త కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లను ఈయనారంభించినపుడు, వానిలో విండోస్ ప్రక్కన బాస్ లినక్స్ ఉండెడిది. ఆ బాస్ మన చెన్నపురిలోని సీ-డాక్ కేంద్రమున తయారైనదే. మన పూర్వవిద్యార్థులలో ఆ ల్యాప్‌టాప్‌లు పొందినవారనేకులు దానిని ఒక్కమారైనను తెరువలేదని నాతో చెప్పిరి. చదువు ఇంటికి వచ్చి కూర్చుండగా ఎవ్వరును పలుకరించకపోవుట విచారకరము.

ఇంకొక మాట. వర్చువలైజేషన్ తెరచుకొన్నంత మాత్రమున అన్నియు సుఖముగ సాగవు. పోర్షనులోని కాపురమునకు చోటు ఇంటిలోనుండియే ఇయ్యవలెను. 4 జీబీ జ్ఞాపకశక్తి గల యంత్రములో విండోస్‌కే ఇరుకు. అందు ఉబుంటునకు సగము పంచిన ఇద్దరును సుఖపడరు. 8 జీబీ కనీసమని తలంచవలెను. మన పిల్లవాని యంత్రమున ఉన్నది 4 జీబీయే. రూ. 3,500 పోసి తాళము తీయించినను వాడు కోరిన సుఖము దక్కియుండెడిది కాదు. ఆ డబ్బుతో జ్ఞాపకశక్తిని పెంచినచో విండోస్ పని, లినక్స్ పని రెండును చురుకగును.

తండ్రిగారు కొంత తడవు ఆలోచించి, “అయితే వాడు మోసం చేసినట్టేనా మాస్టారూ?” అని అడిగిరి. అది మోసమో, అజ్ఞానమో నేను తీర్పు చెప్పలేదు. మరునాడు ఆయన తిరిగి దుకాణమునకు పోయిరి. యంత్రమును తిరిగి తీసికొనుటకు దుకాణదారు ఒప్పుకొనలేదు. చిప్పు మార్చుట మాని, ఆ సొమ్ములో కొంతతో 4 జీబీ జ్ఞాపకశక్తి పలక ఒకటి అదనముగ వేయించుకొని, క్రమసంఖ్యతో రసీదు వ్రాయించుకొని వచ్చిరి. బయోస్ తాళము నేటికిని అట్లే ఉన్నది.

పిల్లవాడు డబ్ల్యూఎస్ఎల్ మొదటి కూర్పులో ఉబుంటును వేసికొని, అర్ధవార్షిక పరీక్షల లోపల పాఠ్యగ్రంథములోని సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములన్నిటిని అందే చేసినాడు. శనివారముల సాయంకాలము మా గదికి వచ్చి, తాళము లేని ఒక యంత్రముమీద వర్చువల్‌బాక్స్‌ను నడుపుచున్నాడు. ఇటీవల వాని తండ్రిగారు దుకాణపు పద్దులను ఆ ల్యాప్‌టాప్‌లో వ్రాయ నారంభించిరట. అందుచే సాయంకాలము ఏడు గంటలు దాటిన పిదపనే యంత్రము తన చేతికి వచ్చుచున్నదని పిల్లవాడు నాతో మొరపెట్టుకొనుచున్నాడు.